జూరాల చూసొద్దామా?

గద్వాల అనగానే మనకు ముందు చీరలే గుర్తొస్తాయి కదూ! కాటన్ చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికిన ఆ అందాన్ని కొనుక్కోవాల్సిందే, కాదనను. కానీ ఈసారి వానాకాలంలో వెళ్లి, పక్కనే కృష్ణానది మీదున్న జూరాల ప్రాజెక్టును కూడా చూసి రండి.

కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైలెక్కితే గద్వాలలో దిగొచ్చు. అక్కడి నుంచి డ్యామ్ ఇరవై కిలోమీటర్ల లోపే. గేట్లు ఎత్తిన రోజైతే ఆ హోరులో పక్కవాళ్ల మాట కూడా వినపడదు. పిల్లల చేయి మాత్రం వదలకండి. అక్కడే వేడివేడిగా వేయించి ఇచ్చే చేపలు మావారు రెండుసార్లు తిన్నారు!

1981లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు 1995లో ప్రారంభమైంది. కరెంటు మాత్రం 2008 నుంచి వచ్చింది. ఒక్కోటి 39 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు. కాస్త దిగువన మరో కేంద్రం అదే నీటితో 240 మెగావాట్లు తీయగలదు. పెరుగు చిలికి వెన్న తీసినా మజ్జిగ మిగులుతుంది కదా, ఇదీ అంతే. అయితే ఇక్కడ నీరు దూకే ఎత్తు తక్కువ. అందుకే వరద బాగా ఉన్న నెలల్లోనే టర్బైన్లు జోరుగా తిరుగుతాయి.

కుడి ఎడమ కాలువల కింద గద్వాల, వనపర్తి వైపు లక్ష ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. ఒకప్పుడు దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీలే. చంటిబిడ్డను చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి, తట్ట ఎత్తిన తల్లులెందరో! వాళ్ల సొంత చేలకు నీళ్లు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

డ్యామ్ మీదుగా ఆత్మకూరు, వనపర్తి దాటి కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు వెళ్లండి. అక్కడ కృష్ణమ్మ సముద్రంలా ఉంటుంది. అది శ్రీశైలం డ్యామ్ వెనుక నిలిచిన నీరు. నాగర్‌కర్నూల్ పొలాలకు నీళ్లు తోడేదీ ఇక్కడి నుంచే. ఒడ్డున ఒక పెద్దమ్మ నీళ్లవైపు చేయి చూపించి, "మా ఊరు గా నీళ్లల్లనే ఉన్నది బిడ్డా" అంది. నాకు నోట మాట రాలేదు. 1980ల మొదట్లో సుమారు వంద ఊళ్లు అలా మునిగాయి. గుళ్లను విప్పి ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టారు. మరి ఆ ఇళ్లనీ, వంటింటి పొయ్యిలనీ ఎవరు తెస్తారు?

అదే శ్రీశైలం ఎడమగట్టున, కొండ లోపల 900 మెగావాట్ల కేంద్రం ఉంది. 2020 ఆగస్టులో అక్కడ మంటలు చెలరేగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇంటికొచ్చాక గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే ఊరుకోలేకపోతున్నాను. మీరూ ఒకసారి వెళ్లి రండి, మీకూ అలాగే అనిపిస్తుంది.