అమ్మల కోసం కట్టే వేషం

గెలెడె ఆట మొదటిసారి వీడియోలో చూశాను. అప్పట్నుంచీ కనబడ్డవాళ్లందరికీ దీని గురించే చెబుతున్నాను! పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్, నైజీరియా, టోగో దేశాల్లోని యొరుబా జనం ఆడే ముసుగుల ఆట ఇది. వేషం కట్టేది మగవాళ్లు. అదంతా ఊళ్లోని తల్లుల కోసం, ముసలమ్మల కోసం, అందరికీ మూలమైన మహామాత ఇయా న్లా కోసం. వయసు మళ్లిన ఆడవాళ్లకు ఊరిని నిలబెట్టే శక్తీ, కూల్చే శక్తీ రెండూ ఉంటాయని వాళ్ల నమ్మకం. ఆ శక్తిని మంచి చేసుకోవడానికే ఇంత సంబరం. ఏటా పంటలు ఇంటికొచ్చాక ఆడతారు. వానలు మొహం చాటేసినా, అంటురోగాలు వచ్చినా ఆడతారు.

ఇక ఆ ముసుగు! అది ముఖానికి కట్టుకునేది కాదు, నెత్తిన పెట్టుకునేది. కిందికి వేలాడే పల్చటి గుడ్డలోంచే చూస్తూ ఆడతారు. చెక్కలో చెక్కిన ముఖం నిబ్బరంగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. దాని నెత్తి మీద మాత్రం లోకమంతా కొలువు తీరి ఉంటుంది. పాములు, పిట్టలు, సరుకు మోసుకుని సంతకెళ్లే ఆడవాళ్లు, కుట్టుమిషన్, మోటార్‌సైకిల్, ఆఖరికి విమానం కూడా! కొన్నిటికైతే కదిలే బొమ్మలుంటాయి. పాతకాలం ఆట అంటూనే కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ ఇలా నెత్తికెత్తుకోవడం నాకు తెగ నచ్చింది.

ఒంటి మీద ఊరి ఆడవాళ్లను అడిగి తెచ్చుకున్న బట్టలు, పొరలు పొరలుగా. కాళ్లకు బరువైన లోహపు అందెలు. జంటలు జంటలుగా, ఒకే వేషంతో దిగుతారు. పెద్ద డోలు ఒక వరస పలికిందంటే అందెలు కూడా ఆ వరసే, తు.చ. తప్పకుండా పలకాలి. జంటలో ఇద్దరివీ! అంత బరువు నెత్తిన పెట్టుకుని ఆ కాళ్లు అలా ఎలా ఆడతాయో!

పగటి ఆటకు ముందు రాత్రి సంత బయల్లో ఎఫె అనే వేషగాడి పాట ఉంటుంది. ముందు అమ్మలకు మొక్కుకుంటాడు, తర్వాత ఊళ్లో తప్పుచేసినవాళ్లను ఎంత పెద్దవాళ్లయినా పాటలో కడిగేస్తాడు.

2001లో యునెస్కో గెలెడెను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఏ మ్యూజియంలోనైనా గాజుపెట్టెలో ఈ ముసుగు కనబడితే అది చూసి ఊరుకోకండి. డోలు, అందెలు, పాట, చుట్టూ జనం, అన్నీ కలిస్తేనే గెలెడె. ఇవాళే యూట్యూబ్‌లో వెతకండి. సౌండు మాత్రం బాగా పెంచి చూడండి!