బ్యాండోళ్ళ కోటు

నా బట్టల కథ – 7

సంక్రాంతి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు. మా కైకలూరులో మెడ దాకా గుండీలు పెట్టుకుని తిరగగలిగేంత చలి ఏడాదికి నాలుగు వారాలుంటే గొప్ప. అందుకని ఆ రోజు నా నల్లకోటు వేసుకెళ్ళాను. భుజాలు నిటారుగా, ముందు రెండు వరసల గుండీలు, నడుము నుంచి మోకాళ్ళ కిందికి గేరా, మెడ దగ్గర తెల్ల లేసు.

స్టాఫ్ రూములో ఒక సారు పేపర్లోంచి తలెత్తి, "ఏం మేడం, ఎవరి పెళ్ళికి బ్యాండు?" అన్నాడు.

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మనకి అలవాటేగా, ముందు నవ్వేసి తర్వాత ఇంటికెళ్ళి ఏడవడం.

నన్ను పొడిచింది ఆయన వెటకారం కాదు. ఆయన సరిగ్గా గుర్తుపట్టాడు. ఆ కోటు నిజంగానే బ్యాండు కోటు. ఆ సంగతి ఈ భాగంలో చెప్తాను.

ముందు, అసలు నాకీ పిచ్చి ఎక్కడిదో చెప్పాలి. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో హాస్టల్లో ఒక జూనియర్ అమ్మాయి జపాన్ పాటల వీడియోలు చూసేది. అందులో మాలిస్ మిజెర్ అనే బృందం. గిటార్ వాయించే మానా నల్లటి పొడుగు గౌన్లలో, తెల్లగా పూసిన ముఖంతో బొమ్మలా నిలబడేవాడు. ఆయన 1999లో 'మువా మెమ్ మువాతియే' అని సొంతంగా బట్టల కంపెనీ పెట్టాడు. అందులో రెండు రకాలు. ఒకటి ఎలిగెంట్ గోతిక్ లోలిటా, అంటే మోకాళ్ళ దాకా గుమ్మటంలా ఉబ్బిన గౌను. రెండోది ఎలిగెంట్ గోతిక్ అరిస్టోక్రాట్. పాత యూరప్ దొరల ఇళ్ళలోంచి నడిచొచ్చినట్టు పొడుగు కోట్లు, నేలని తాకే లంగాలు, కుచ్చుల చొక్కాలు, ప్యాంట్లు. ఆడ, మగ తేడా పెద్దగా పట్టించుకోని బట్టలు. అదే 1999లో మా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. మా ఊళ్ళో అందరూ చెరువుల గురించి కొట్టుకుంటుంటే అక్కడ టోక్యోలో ఒకాయన లేసు గురించి ఆలోచిస్తున్నాడన్నమాట.

నాకు ఆ రెండోది నచ్చింది. ఎందుకో అప్పుడు తెలీదు. కొనే స్తోమత లేదు. ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. కాబట్టి ఏరుకోవడం మొదలుపెట్టాను.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కుప్పల్లోంచి ఒక నల్ల వెయిస్ట్‌కోట్ దొరికింది. లైనింగ్ చిరిగిపోయింది, గుండె దగ్గర మాత్రం గట్టిగా ఉంది. నడుము నిలబడ్డానికి అందులో కార్టన్లకి చుట్టే ప్లాస్టిక్ పట్టీలు ముక్కలు చేసి, అంచులు కొవ్వొత్తి మీద కాల్చి గుండ్రం చేసి కుట్టాను. కాల్చకపోతే గుడ్డని పొడుచుకుని బయటికొస్తాయి. పొడుగు లంగా ఏలూరులో తాను చివర మిగిలిన కేస్‌మెంట్ గుడ్డతో కుట్టించాను. "పెళ్ళికూతురి లంగాకి కూడా ఇంత గేరా పెట్టరమ్మా" అని టైలర్ గారు సణిగారు గానీ కుట్టు మాత్రం గీత గీసినట్టు వేశారు.

టోపీ నేనే చేశాను. పాత పేపర్లు, మైదా జిగురు, పైన వెల్వెట్. ఈక కావాల్సి వచ్చింది. ఆటపాకలో గూడబాతులున్నాయి గానీ అది అభయారణ్యం, అక్కడ ఈక కూడా ముట్టుకోకూడదు. మా జిల్లాలో సంక్రాంతి అయ్యాక ఈకలకి కరువా? బరి దగ్గర ఓడిపోయిన కాకి పుంజు తోక ఈకలు, నల్లగా, ఎండలో తిప్పితే ఆకుపచ్చ మెరుపు. కడిగి ఆరబెట్టి టోపీకి గుచ్చాను. ఓడిన పుంజు కదా, దానికీ కొంచెం గౌరవం దక్కనీ అనుకున్నాను.

ఇక లేసు. మా అమ్మ వాళ్ళది నరసాపురం దగ్గర పల్లె, మాదిగపేట. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన మన ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. తర్వాత అది వ్యాపారమైంది, మిగతా కులాల ఇళ్ళల్లోకీ పాకింది. నరసాపురం లేసు ఓడలెక్కి పోయింది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో ఈ ఆడవాళ్ళ మీద పుస్తకమే రాసింది. పొద్దుగూకులూ అల్లే ఆడదాన్ని "ఇంట్లో ఖాళీగా కూర్చుని ఏదో చేసుకుంటోంది" అని లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువ, ఎగుమతిదారు లాభం అంత ఎక్కువ అని ఆవిడ తేల్చింది. పరిశోధన కోసం ఆ పుస్తకం చదువుతుంటే మా అమ్మమ్మ అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు లేసుకి వచ్చింది. అమ్మమ్మకి వచ్చింది మాత్రం చూపు మందగించడం.

మెడకి పెట్టుకునే లేసు పట్టీ, చేతి కుచ్చులు అల్లిపెట్టమని అమ్మని అడిగాను. నరసాపురం ప్యాసింజర్ ఎక్కి, దారం చుట్టలు పట్టుకుని వెళ్ళాను. అమ్మ దారం పక్కన పెట్టేసింది.

"ఇన్నేళ్ళు అల్లాను. ఒక్క ముక్క నా ఒంటి మీద ఎప్పుడైనా చూశావా? ఏజెంటు లెక్కపెట్టి దారమిచ్చేవాడు, లెక్కపెట్టి ముక్కలు పట్టుకెళ్ళేవాడు. ఇవి దొరల బల్లల మీద గుడ్డలే. మనం కప్పుకునేవి కావు."

"అందుకే అమ్మా."

"అందుకే ఏంటే?"

నాకు జవాబు రాలేదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది, అమ్మకి జవాబు లేదు. మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే పట్టీ అల్లి, గంజి పెట్టి, పేపర్లో చుట్టి ఉంచింది. కూలి లెక్కగట్టి ఆమె చేతిలో పెట్టాను. ఏజెంటు ఇచ్చే రేటు కాదు, నేను వేరే ఎవరి దగ్గరైనా కొంటే ఎంతవుతుందో అంత. అమ్మ ఆ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "ఇంత ఉంటుందా దీనికి?" అంది. ఆ మాట నాకింకా చెవిలో ఉంది.

ఆ రోజే మామయ్య దగ్గర కోటు చూశాను. మామయ్య బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. తెల్లోళ్ళ సైన్యం కోటుకి నకలు అది. ఎర్ర కాటన్ డ్రిల్, బంగారు రంగు జరీ పట్టీలు, భుజాల మీద కుచ్చులు, రెండు వరసల ఇత్తడి గుండీలు. ఎండాకాలం పెళ్ళిళ్ళలో ఆ కోటుతో ఊరేగింపు ముందు మైళ్ళు నడిచేవాడు. ఊరంతటికీ రాజులా కనపడేవాడు. భోజనాల దగ్గర మాత్రం అందరూ తిన్నాక, పందిరి వెనక. నేను మానా వీడియోల్లో వెతుక్కున్న దొర కోటు మా పేటలో ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంది.

అడిగితే ఇచ్చేశాడు. జరీ విప్పి, పాత అల్యూమినియం గిన్నెలో ఉప్పు, నల్లరంగు వేసి ఉడకబెట్టాను. కాటన్ నలుపు పట్టింది. కుట్టిన దారం పాలిస్టర్, దానికి ఆ రంగు పట్టదు. అందుకని కోటంతా నల్లబడినా కుట్లు మాత్రం ఎర్రగానే మిగిలాయి. దగ్గరగా చూస్తే ఒళ్ళంతా ఎర్రగీతలు.

ఇది చూసి మన సంఘంలో ఒక అన్న కోప్పడ్డాడు. "దొరలతో కొట్లాడేవాళ్ళం, దొర వేషం ఏంటి చెల్లీ?" న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో ప్రత్యేకంగా చీరకట్టు గురించి మాట్లాడారు. కులాన్ని పట్టిచ్చే కట్టు మానేయమన్నారు, మోచేతుల దాకా వేసుకునే నగలు తీసేయమన్నారు. ఎవరి ఒంటి మీద ఏముండాలో కులం రాసిపెట్టిన దేశంలో బట్ట చిన్న సంగతి కాదు. టోక్యోలో ఆ కోట్లు వేసుకునే పిల్లలకి యూరప్ జమీందార్ల రక్తంతో ఏ సంబంధమూ లేదు. దొరతనాన్ని పుట్టుకలోంచి పీకి హ్యాంగరుకి తగిలించారు వాళ్ళు. నాకు నచ్చింది అదే.

అన్న పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ పూర్తిగా గెలవలేదు. దొరల లేసు వెనక ఎప్పుడూ ఒక అమ్మమ్మ కళ్ళుంటాయి. ఆ సంగతి తెలిసి వేసుకోవడం, కూలి లెక్కగట్టి ఇవ్వడం, ఇంతవరకే నా చేతిలో ఉంది.

స్టాఫ్ రూము మాట తర్వాత నెల రోజులు కోటు బీరువాలోంచి తీయలేదు. మామయ్య ఒంట్లో బాగోలేదని చూడ్డానికి వెళ్ళినప్పుడు చెప్పేశాను, ఇలా అన్నాడని, అందరూ నవ్వారని. మామయ్యకి కోపం వస్తుందనుకున్నాను. దగ్గు ఆపుకుంటూ నవ్వాడు.

"బ్యాండోడి కోటేగా మరి. ఆయనేం అబద్ధం చెప్పలేదుగా. నువ్వెందుకే సిగ్గుపడ్డావు?"

నేను మాట్లాడలేదు.

"నువ్వు ఔననాల్సింది. మా మామది అని చెప్పాల్సింది."

నిజమే. నేను దాచింది అదే. నలుపు వేసి, జరీ విప్పి, జపాన్ పేరు పెట్టి, మామయ్యనే దాచాను. ఆ సారుకి దొరికిపోయానని నవ్వాను.

మర్నాడు సోమవారం. ఎండ మొదలైపోయింది, కోటు లోపల చెమట. అయినా వేసుకెళ్ళాను. ఆ సారు ఏమీ అనలేదు. నేనే ఆయన కుర్చీ దగ్గరికెళ్ళి చెప్పాను. "సార్, ఆ రోజు మీరు కరెక్టుగానే గుర్తుపట్టారు. ఇది మా మామయ్య బ్యాండు కోటు. మెడ మీది లేసు మా అమ్మ అల్లింది."

ఆయన "ఓహో" అని పేపరు వైపు తిరిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

వచ్చే భాగంలో ఆ ఇత్తడి గుండీల సంగతి. నెలకోసారి చింతపండుతో తోమాలి. మామయ్య ఆర్డరు.

జై భీమ్.