పేరు థండర్‌బర్డే, మోడల్ ఏది?

థండర్‌బర్డ్‌కి క్లచ్ ప్లేట్లు కావాలని స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగి చూడు. అవతలివాడు లేవడు కూడా. "ఏ మోడల్?" అంటాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు ఆ పేరుతో 2002 నుంచి 2020 దాకా బండ్లు అమ్మారు. మొదటి బండి ఇంజన్ విప్పి, చివరి బండి ఇంజన్ పక్కన పరిచావనుకో, దీని సామాను దానికి ఎక్కదు. అందుకే పని నేర్చుకుంటానని నా దగ్గరకొచ్చిన కుర్రాడికి వెంటనే పానా ఇవ్వను. వాకిట్లో నిలబెట్టిన బండిని చూసి సంవత్సరం చెప్పమంటాను.

ఈ పద్ధతి నాది కాదు, సికింద్రాబాద్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది. ఆయన పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ల మీద చెయ్యి తిప్పుకున్న మనిషి. కొత్త బండి లోపలికి రాగానే మేం ఎగబడేవాళ్లం. "ఆగుండ్రి. పానాలు కింద పెట్టి బండి సుట్టూ ఒక్కసారి తిరుగుండ్రి" అనేవాడు. తిరిగొచ్చాక ఒక్కొక్కరినీ అడిగేవాడు. గేర్‌బాక్స్ విడిగా ఉందా, కలిసి ఉందా? ప్లగ్గులెన్ని? వెనక డ్రమ్మా, డిస్కా? ఈ మూడింటికీ సరిగ్గా చెబితే మోడల్ సగం తెలిసిపోయినట్టే.

మొదటి తరాన్ని మేం ఏవీఎల్ అంటాం. ఆస్ట్రియాలోని ఏవీఎల్ కంపెనీ సాయంతో తయారైన లీన్‌బర్న్ ఇంజన్ అది, 346 సీసీ. ఇంజన్ ఒక పెట్టె, గేర్‌బాక్స్ ఇంకో పెట్టె. పక్కనుంచి చూస్తే మధ్యలో సందు కనిపిస్తుంది. కాబట్టి ఆయిళ్లు కూడా వేరువేరు: ఇంజన్‌కి, ప్రైమరీ చైన్ కేసుకి, గేర్‌బాక్స్‌కి. ట్యాపెట్ చేత్తో సెట్ చేసుకోవాలి. ఇంజన్ చల్లగా ఉండాలి, పిస్టన్ పైకి రావాలి, పుష్‌రాడ్‌ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పితే తేలిగ్గా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు. అది వేలికి తెలియాల్సిన లెక్క. ఉస్తాద్ ఆ పనికి కూర్చుంటే షెడ్డులో రేడియో ఆపించేవాడు. ఒకరోజు నేను సెట్ చేసిన రాడ్ మీద వేలు పెట్టి చూసి, ఒక్క మాటా అనకుండా మూత బిగించాడు. అంతకు ముందు ప్రతిసారీ విప్పి మళ్లీ చేయించేవాడు. ఆ సాయంత్రం చాయ్ నేను తాగించాను.

2008లో ట్విన్‌స్పార్క్ వచ్చింది. పేరు అదే, రూపు కూడా దాదాపు అదే. లోపల మాత్రం మొత్తం మారిపోయింది. యూసీఈ అంటాం, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పెట్టె. ఒకే ఆయిల్ ఇంజన్‌నీ క్లచ్‌నీ గేర్లనూ తడుపుతుంది. 350కి హెడ్ మీద రెండు ప్లగ్గులు. ట్యాపెట్లు హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో సందును అవే సర్దుకుంటాయి. సెట్ చేయడానికి అక్కడ స్క్రూనే ఉండదు.

లేని స్క్రూకి కూడా డబ్బులు తీసుకున్నవాళ్లున్నారు. ఒక కస్టమర్ వేరే షెడ్డు బిల్లు నాకు చూపించాడు, "ట్యాపెట్ సెట్టింగ్" అని రాసి ఉంది. బండి 2010 ట్విన్‌స్పార్క్. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టిక్ టిక్‌మంటోందని తీసుకెళ్లాడట. రాత్రంతా నిలబడిన బండిలో లిఫ్టర్‌లోంచి, అంటే ఆ హైడ్రాలిక్ ట్యాపెట్‌లోంచి, ఆయిల్ కొంచెం దిగుతుంది. స్టార్ట్ అయ్యాక మళ్లీ నిండుతుంది, చప్పుడు దానంతటదే ఆగుతుంది. ఇంజన్ వేడెక్కాక కూడా టిక్ ఆగలేదంటే అప్పుడు మొదట ఆయిల్ లెవెల్ చూడు, ఆ తర్వాతే లిఫ్టర్‌ని అనుమానించు. వినడానికి ఓపిక లేనివాడు విప్పడానికి తొందరపడతాడు, ఖర్చు బండివాడి మీద పడుతుంది.

ఆయిల్ దగ్గర ఇంకో తిరకాసు. ఏవీఎల్ మీద ఏళ్ల తరబడి తిరిగిన ఒక పెద్దాయన ట్విన్‌స్పార్క్ కొన్నాడు. అలవాటు ప్రకారం కార్లకు పోసే మంచి ఆయిల్ తెచ్చి తనే పోసుకున్నాడు. ఏవీఎల్ ఇంజన్‌లో నడిచిపోయింది, ఎందుకంటే ఆ ఆయిల్ క్లచ్ దాకా వెళ్లదు. ఇక్కడ క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, దాంతో ప్లేట్లు జారడం మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రేజ్ ఇస్తే శబ్దం పెరుగుతోంది, బండి కదలట్లేదు. "ఇంజన్ పోయింది బాబూ" అంటూ దిగులుగా వచ్చాడాయన. ప్లేట్లు మార్చి, 15డబ్ల్యూ50 బైక్ ఆయిల్ పోసి పంపాను. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూడటం అప్పుడే ఆయనకు చెప్పాను, ఇప్పుడు నీకూ చెబుతున్నా.

2012లో వచ్చిన మార్పు మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది. 20 లీటర్ల ట్యాంకు, ప్రొజెక్టర్ హెడ్‌లైటు, వెనక ఎల్‌ఈడీ, రెండు గుండ్రటి మీటర్లు, వెనక చక్రానికీ డిస్క్ బ్రేకు, విడిగా తీసిపెట్టుకోగలిగే వెనక సీటు. 350తో పాటు 500 కూడా వచ్చింది. 350కి కార్బొరేటర్, సుమారు 20 హార్స్ పవర్. 500కి ఫ్యూయల్ ఇంజెక్షన్, 27.2 హార్స్ పవర్, 41.3 న్యూటన్ మీటర్ల టార్క్. ఇద్దరు కూర్చుని సామాను కట్టుకుని ఘాట్ ఎక్కితే ఆ తేడా ఏంటో నడుముకి తెలుస్తుంది.

రెండూ పక్కపక్కన పెడితే బయటికి అన్నదమ్ములే. దాన్ని వాడుకునేవాళ్లు ఉన్నారు. 350కి 500 స్టిక్కర్ అంటించి, ఆర్‌సీ ఇంట్లో మర్చిపోయానంటూ బేరానికి తెచ్చినవాణ్ణి చూశాను. స్టిక్కర్ చూడొద్దు, ట్యాంకు కింద చెయ్యి పెట్టు. పెట్రోల్ కాక్, దాని కింద కార్బొరేటర్ తగిలితే 350. తాళం తిప్పగానే ట్యాంకులో ఫ్యూయల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగితే 500. ఆ రోజు తాళం తిప్పితే నిశ్శబ్దం. మావాడు నా మొహం చూశాడు, నేను బేరగాడి మొహం చూశాను. బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాతి మార్పులు చాలావరకు చట్టం తెచ్చినవి. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్4, దాంతో పాటు ఇంజన్ ఆన్‌లో ఉంటే హెడ్‌లైటు వెలిగే ఉండాలనే నిబంధన. కాబట్టి హెడ్‌లైటు ఆపే స్విచ్చు ఉంటే బండి అంతకు ముందుది, లేకపోతే ఆ తర్వాతది. అప్పుడు కూడా 350 కార్బొరేటర్‌తోనే ఉంది.

2018 ఫిబ్రవరిలో ఎక్స్ వచ్చింది. క్రోమ్ తీసేసి నలుపు, ట్యాంకుకి ఎరుపూ తెలుపూ నీలం నారింజ రంగులు, తిన్నటి హ్యాండిల్, ఒకే ముక్క సీటు. కుర్రాళ్లు రంగులకు పడ్డారు గానీ నా లెక్కలో అసలు సంగతి అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక అడవిలో పంచరైతే ఏమవుతుందో పోయినవాళ్లకు తెలుసు. స్పోక్ చక్రమైతే విప్పాలి, ట్యూబు తియ్యాలి, ఆ లోపు చీకటి పడుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత అక్కడ గేటు వేసేస్తారు. ట్యూబ్‌లెస్ అయితే మేకు అలాగే ఉంచి గాలి కొట్టుకుంటూ ఏదో ఒక ఊరు చేరతావు. స్పోక్ రిమ్‌కే ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించి, ఇక పంచర్ బాధ లేదనుకుని మురిసిపోయేవాళ్లు కనిపిస్తారు. ఆ రిమ్‌లో ట్యూబు వేయక తప్పదు, స్పోకుల బెజ్జాల్లోంచి గాలి నిలవదు.

ఏబీఎస్ దగ్గర జాగ్రత్త. 125 సీసీ దాటిన బండ్లకు, అంతకు ముందు నుంచి అమ్ముతున్న మోడళ్లకు కూడా, 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది. అంతకు ముందు కొన్ని నెలలు ఉన్నవీ లేనివీ రెండూ రోడ్డెక్కాయి. "2019 మోడల్ అన్నా" అంటాడు అమ్మేవాడు. ఆర్‌సీలో తయారైన నెల చూడు, 2018 మధ్యలో ఉంటుంది. షోరూంలో నిలబడి నిలబడి జనవరిలో రిజిస్ట్రేషన్ అయ్యుంటుంది. ఏబీఎస్ ఉంటే డిస్క్ పక్కన పళ్లు కోసిన రింగు, ఫోర్క్ వెంబడి దిగే సెన్సార్ వైరు కనిపిస్తాయి. తాళం తిప్పితే మీటర్‌లో ఏబీఎస్ దీపం వెలగాలి, బండి కదిలాక ఆరాలి. ఆరకపోతే రిపేరు. అసలు వెలగకపోతే ఇంకా ఎక్కువ అనుమానించు, దీపాన్నే చంపేసి ఉండొచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 రావడంతో థండర్‌బర్డ్ కథ ముగిసింది. ఆ నవంబర్‌లో దాని చోటుకి మీటియర్ 350 వచ్చింది. కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది: పాతదానికి 28 న్యూటన్ మీటర్లు, కొత్తదానికి 27. హార్స్ పవర్ 19.8 నుంచి 20.2కి పెరిగింది, అంతే. నడిపితే మాత్రం వేరే బండి. ఫ్రేము కొత్తది, వెనక చక్రం 18 నుంచి 17 అంగుళాలకు దిగింది. ఇంజన్‌లో పుష్‌రాడ్లు పోయి క్యామ్ హెడ్ మీదకు చేరింది, అదురును చంపడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. కిక్ తీసేశారు, ఆ బెంగ నాకింకా పోలేదు. నాకు ముచ్చటేసింది మాత్రం ఒకటుంది. ఇన్నేళ్లు హైడ్రాలిక్ చేసిన పనికి మళ్లీ స్క్రూ, లాక్ నట్ వచ్చాయి. డబ్బా అడుగున పడేసిన ఫీలర్ గేజ్ తీసి తుడిచి, కుర్రాళ్లను కూర్చోబెట్టాను. రేడియో ఆపమన్నాను.

అందరూ చివరికి అడిగేది ఒకటే, ఏ మోడల్ కొనాలని. రోజూ ఆఫీసుకైతే మీటియర్. ఆ పాత డుగ్ డుగ్ కావాలి, ఖర్చు తక్కువలో ఉండాలి అంటే 2012 తర్వాతి 350, రిపేరు ఎక్కడైనా జరుగుతుంది. దూరాలు తిరిగేవాడికి ఎక్స్, అందులోనూ ఏబీఎస్‌ది. 500 ఇష్టపడితే కొను, సామాను కోసం ఎదురుచూసే ఓపిక ఉంటేనే. ఏవీఎల్ కావాలంటే ముందు దాన్ని చూసుకునే మేస్త్రిని వెతుక్కో, తర్వాత బండిని. ఏది చూడబోయినా ఇంజన్ చల్లగా ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పు. వెళ్లగానే ఫిన్నుల మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే వాడు నీకంటే ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. "రేపు పొద్దున వస్తాను" అని చెప్పి వచ్చెయ్. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.