ధాత కరువుకు నాలుగున్నర వేల మాటలు

ఇంగ్లండులో పదహారేళ్లు దాటిన పిల్లలు మామూలుగా మూడే మూడు సబ్జెక్టులు ఎంచుకుని రెండేళ్లు చదువుతారు. వాటిని ఏ లెవెల్స్ అంటారు. ఈ కాలమ్ రాస్తున్నామె కనిగిరిలో పుట్టి, ఒంగోలులో బైపీసీ చదివి, ఇప్పుడు లండన్‌కి పడమట ఒక చిన్న ఊళ్లో ఫార్మసిస్టుగా పనిచేస్తోంది. ఆమె కూతురు ఎంచుకున్న మూడింటిలో ఒకటి హిస్టరీ. ఆ కబురు వాట్సాప్‌లో కనిగిరి వెళ్లి, హైదరాబాదు మీదుగా డాలస్ చుట్టి తిరిగొచ్చింది. ఎక్కడ విన్నా ఒకటే మాట: "లెక్కలు అంత బాగా వచ్చే పిల్లకి ఇదేం పోయేకాలం?"

వాళ్లని తప్పుపట్టలేం. మన ఇంటర్మీడియట్‌లో చరిత్ర ఉండేది హెచ్ఈసీ లాంటి గ్రూపుల్లో. పదో తరగతిలో మార్కులు తగ్గినవాళ్లు చేరే గ్రూపులని వాటికి ఎప్పుడో పేరు పడిపోయింది. ఇక్కడ ఆ చిన్నచూపు లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌తో కలిపి 24 విశ్వవిద్యాలయాలున్న రస్సెల్ గ్రూపు 2011 నుంచి 2019 దాకా సబ్జెక్టుల ఎంపికపై ఇచ్చిన సలహాలో, ఎక్కువ డిగ్రీలకు దారి తెరిచే వాటి జాబితాలో గణితం, భౌతికశాస్త్రంతో పాటు చరిత్ర కూడా ఉండేది. ఈ సంగతి చెప్పాక డాలస్ కాస్త చల్లబడింది.

చదువులో ఏముంటుంది? పరీక్ష బోర్డులు చాలా అంశాలు ఇస్తాయి, వాటిలో ఏవి చెప్పాలో బడి నిర్ణయిస్తుంది. ఏం ఎంచుకున్నా మొత్తం చదువు కనీసం రెండు వందల ఏళ్ల కాలాన్ని తాకాలి, అందులో అయిదో వంతైనా బ్రిటన్ చరిత్ర ఉండాలి. ఏక్యూఏ అనే బోర్డు జాబితాలో 1857 నుంచి 1967 దాకా బ్రిటిషు సామ్రాజ్యం ఉంది. ఎడెక్సెల్ బోర్డులో 1914 నుంచి 1948 దాకా భారతదేశమే ఒక పేపరు. రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్, సైమన్ కమిషన్ అన్నీ అందులోకి వస్తాయి. అయితే 1928 ఫిబ్రవరిలో మద్రాసు వీధిలో తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం మీద ప్రశ్న వస్తుందని ఒంగోలువాళ్లు ఆశపెట్టుకోనక్కర్లేదు. ఇండియా ఊసే లేకుండా కూడా ఏ లెవెల్ హిస్టరీ నిక్షేపంగా పూర్తిచేయొచ్చు. ఈ అమ్మాయి బడి ఏక్యూఏలో ఎంచుకున్నవి 1485 నుంచి 1603 దాకా ట్యూడర్ల ఇంగ్లండు, 1917 నుంచి 1953 దాకా రష్యా.

రెండింటికీ రెండున్నర గంటల పరీక్ష చెరొకటి, మార్కుల్లో చెరో 40 శాతం. ఎనిమిదో హెన్రీ ఆరుగురు పెళ్లాల పేర్లు వరసగా అప్పజెప్పినంత మాత్రాన మార్కులు రావు. ముగ్గురు చరిత్రకారుల రాతల్లోంచి తలా ఒక ముక్క ఇచ్చి, ఎవరి వాదన ఎంతవరకు నిలబడుతుందో తేల్చమంటారు. రష్యా పేపర్లో ఆ కాలపు పత్రాలు ఇచ్చి, అవి చరిత్రకారుడికి ఎంత పనికొస్తాయో చెప్పమంటారు. గైడులోంచి ఎర్రగీత కొట్టిన పాయింట్లు బట్టీ పట్టి గట్టెక్కిన తల్లికి ఇది కొత్త లోకం.

మిగిలిన 20 శాతం సొంత వ్యాసానికి. 3,500 నుంచి 4,500 మాటలు. దాదాపు వందేళ్ల కాలం మీద, పరీక్ష పేపర్లతో కలవని ప్రశ్నను విద్యార్థే ఎంచుకోవాలి, టీచరు సరేననాలి. ఆ కాలపు ఆధారాలు కనీసం మూడు, తమలో తాము విభేదించే చరిత్రకారులు ఇద్దరు కావాలి. పిల్లకి చిన్నప్పటి నుంచీ చెవిన పడుతున్న మాట ఒకటుంది. కంచంలో అన్నం వదిలితే వాళ్ల అమ్మమ్మ, "ధాత కరువులో పుట్టుంటే తెలిసేది" అంటుంది. ఆ మాటే పట్టుకుంది. 1780ల నుంచి 1880ల దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు సాయం ఎందుకు మారింది, ఎంత మారింది అన్నది ప్రశ్న.

ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ రోజుల కనిగిరిని ప్రకాశం జిల్లాలో వెతికితే దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 1970లో. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో తాలూకా. ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లాలో కలిసేదాకా నెల్లూరు కిందే ఉండేది. వెతికేవాళ్లను తికమకపెట్టేది ఇంకొకటుంది: కనిగిరి రిజర్వాయరు. అది ఎక్కడో పెన్నా కింద, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పచ్చటి వరి నేలల్లో ఉంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఫ్లోరైడు నీళ్లతో నెట్టుకొచ్చిన అసలు కనిగిరికి ఇంతకన్నా వెక్కిరింత ఉండదు. బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో, అంటే కరువుకు మూడేళ్ల ముందే అచ్చయింది కాబట్టి అందులో వెతికి లాభం లేదు. గుంటూరు వైపు 1832-33 నాటి నందన కరువు కోసం 1883లో వచ్చిన మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ చూడాలి. ఆ కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల మందిలో రెండు లక్షల దాకా పోయారని అంచనా.

ధాత కరువులో పిల్లకి బాగా పనికొచ్చింది ఒక కొలత. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా చాటాడు. దక్షిణాన అప్పటికే జనం చస్తున్నారు. ఆ నెలలోనే లిట్టన్ పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఆ తిండితో పని చేయించలేరు, పౌనున్నర గింజలు, పప్పు, కూర కావాలని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురుతిరిగాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కొలత కొంత పెంచింది. మూడేళ్ల ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ బర్మా బియ్యం తెప్పించి ధారాళంగా ఖర్చుపెట్టాడు. అక్కడ ఆకలి చావులు చాలా తక్కువ. అందుకు దక్కింది దుబారా మనిషన్న నింద. మద్రాసులో ఆ మచ్చ కడుక్కోవాలనుకున్నాడా? వ్యాసంలో పిల్ల ఎక్కువ మాటలు ఖర్చుపెట్టింది ఇక్కడే.

మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో వేసిన రెండు సంపుటాలు ఒక ఆధారం. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక రెండోది. మూడోది ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లాఫ్, కరువులో తన మాదిగ జనానికి కూలి దొరికేలా తీరం వెంట కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నాడు. గవర్నరు పేరిట బకింగ్‌హామ్ కాలువ అయింది అదే. తిండి కోసం మతం మారారన్న మాట వస్తుందని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న, ఒక్కరోజే, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చారు. ఆయన జ్ఞాపకాలు ఆయన పోయాక 1914లో భార్య చేతి మీదుగా పుస్తకమయ్యాయి. దశాబ్దాల తర్వాతి జ్ఞాపకాన్ని, అందులోనూ భార్య రాసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో వాదించడం ఈ చదువులో పెద్ద పని.

చరిత్రకారులకు కొదవలేదు. అమెరికన్ రచయిత మైక్ డేవిస్ ఈ చావుల్ని సామ్రాజ్యం ఖాతాలో వేస్తాడు. వానలు తప్పిన నేలలో అప్పటి ప్రభుత్వానికి అంత సత్తా, సమాచారం ఎక్కడివని తీర్థంకర్ రాయ్ అడుగుతాడు. కరువు నడుస్తుండగా ఇండియా నుంచి ఇంగ్లండుకు గోధుమలు పోయిన మాట నిజమే. కానీ అవి జొన్నలు, రాగులు తినే నెల్లూరు పల్లెల్లో పండినవి కావు. ఈ తేడా చూపించకపోతే టీచరు మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెడుతుంది.

తల్లికి మాత్రం మరోచోట కళ్లు తెరుచుకున్నాయి. ట్యూడర్ పాఠాల్లో 1590ల పంటనష్టాలున్నాయి, వాటి వెంటే 1598, 1601 చట్టాలున్నాయి. గతిలేనివాణ్ని పోషించే పూచీ చట్టప్రకారం వాడి పారిష్‌దే, అంటే చర్చి పరిధిలోని ఊరిదే అన్నాయవి. రష్యా పాఠంలో 1932-33 ఆకలి, దాని మధ్యనే సాగిన ధాన్యం ఎగుమతి. ఇక 1880 కమిషనేమో, కరువులో సాయం పేదల హక్కంటే మామూలు రోజుల్లో కూడా హక్కేనంటారని వెనక్కి తగ్గింది. ఎలిజబెత్ కాలంలో ఇంగ్లండు పల్లెకు ఇచ్చిన పూచీని దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా కనిగిరికి ఇవ్వలేదన్నమాట. ట్యూడర్లు, స్టాలిన్ పక్కపక్కన లేకపోతే ఈ సంగతి తట్టేదే కాదు. సంబంధంలేని సబ్జెక్టులని ఆమె అప్పటిదాకా విసుక్కునేది.

ఒక ఆదివారం పిల్ల అమ్మమ్మకి వీడియో కాల్ చేసింది. ఇంట్లో తరాలుగా చెప్పుకునే కథ ఒకటే: ధాత కరువులో మనవాళ్లు పాతర తీసి, వాకిట్లోకి వచ్చినవాళ్లకి గంజి పోశారు.

"ఎవరు చెప్పారు అమ్మమ్మా?"

"మా అత్త చెప్పింది. ఆమెకి వాళ్ల నాయనమ్మ."

"మనం పోశామని మనమే చెప్పుకుంటే ఎట్లా? తాగినవాళ్లు ఏం చెప్పుకున్నారు?"

"ఏందే, మేం అబద్ధమాడతామా?" అని అమ్మమ్మ ఫోను కోడలి చేతికిచ్చేసింది.

ఆ కథ వ్యాసంలోకి ఎక్కలేదు, మూడు తరాల తర్వాతి మాటతో ప్రశ్న వేయొచ్చుగానీ జవాబు నిలబెట్టలేమంది టీచరు. కానీ తల్లికి పట్టుకుంది. పాతర ఉందంటే భూమి ఉండాలి, భూమి ఉంటే ఎక్కడో పేరుండాలి. కనిగిరిలో ఉన్న తమ్ముణ్ని అడిగింది. "అడంగలో వన్ బీనో అయితే మీసేవలో తీసుకొస్తానక్కా," అన్నాడు. "1876వి కావాలంటే నెల్లూరు పోవాలో, మద్రాసు పోవాలో నువ్వే కనుక్కో."