అడగాల్సింది ఎవరిని?

మా నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. చిన్నరసాల తోటల గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అడ్రసు మారిందంతే. మాతోపాటు ఈ జిల్లాలోకి కుక్కునూరు, వేలేరుపాడు కూడా వచ్చాయి. వాటి కథ వేరు. ఒకప్పుడు నిజాం ఏలుబడి, తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు కారణంగా ఆంధ్రలో కలిపారు. అక్కడి జనాన్ని ఓటు అడగలేదు.

క్యూబెక్ మీద కెనడా సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన అభిప్రాయం చదువుతుంటే ఈ ఊళ్లే గుర్తొచ్చాయి. ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదంటూనే, స్పష్టమైన ప్రశ్నకి స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా దేశం చర్చలకి కూర్చోవాల్సిందే అంది కోర్టు. దేశం విడిపోవడం, రాష్ట్రం విడిపోవడం ఒకటి కాదు. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. 2014 జనవరిలో అసెంబ్లీ కాదంది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఔనంది.

అది అన్యాయమని మావైపు చాలామంది అంటారు. కానీ ఆ అసెంబ్లీలో తెలంగాణవాళ్లు ఎప్పుడూ మైనారిటీయే. దాని అనుమతే కావాలంటే వాళ్ల కోరిక ఎన్నటికీ తీరదు. స్వయంనిర్ణయాధికారంలో అసలు చిక్కు ఇదే: ‘ప్రజలు’ అంటే ఏ గీత లోపలివాళ్లు? తెలంగాణ చుట్టూ గీసిన గీత వేలేరుపాడు చుట్టూ ఎవరూ గీయలేదు. కోట్లమంది కోరిక ఉద్యమమైంది, కోయ పల్లెల కోరిక వినతిపత్రం దగ్గరే ఆగిపోయింది. మునిగేది మాత్రం వాళ్ల ఊళ్లే.