పువ్వుకు కావలి ఉన్నవాడు

గుళ్ళ మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి గుడిమల్లం.

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి పరశురామేశ్వరాలయంలోని లింగం దేశంలోనే అతి పాత లింగాల్లో ఒకటి. క్రీ.పూ. 3 నుంచి 1వ శతాబ్దం మధ్యదని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ తర్వాతిదని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఎట్లా లెక్కేసినా మన నన్నయ కన్నా వందల ఏళ్ళు పెద్దది. 1954 నుంచి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

గుడికి పోతే మనకు ముందు కథ చెప్తారు, తర్వాత రాయిని చూపిస్తారు. మనం ముందు రాయిని చూద్దాం.

సుమారు 5 అడుగుల లింగం. దాని ముందుభాగంలో నిలబడి ఉన్న ఒక మగమనిషి. కుడిచేత్తో ఒక జంతువును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. పొట్టేలని కొందరు, జింకని కొందరు అంటారు. ఎడమచేతిలో చిన్న ముంత. భుజం మీద గొడ్డలి. ఒంటి మీద జంధ్యం లేదు. అడవిలో వేటాడి ఇంటికొస్తున్న మనిషిలా ఉంటాడు. ఆయన నేల మీద నిలబడలేదు. కింద ఒక మరుగుజ్జు ఉన్నాడు. వాడి భుజాల మీద ఈయన పాదాలున్నాయి.

ఇప్పుడు కథ. తండ్రి జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికాడు. తండ్రి వరంతో ఆమె తిరిగి బతికింది గానీ, కొడుకును పాపభయం వదల్లేదు. గుడిమల్లంలో శివుణ్ణి కొలవమని రుషులు చెప్పారు. అడవిలో గుడిని వెతికి పట్టుకుని, పక్కన ఒక కొలను తవ్వాడు. ఆ కొలనులో రోజుకు ఒక్కటే పువ్వు పూస్తుంది. దానికి చిత్రసేనుడనే యక్షుణ్ణి కావలి పెట్టాడు. కూలి ఏంటంటే, రోజూ వేటాడి తెచ్చిన ఒక జంతువు, ఒక కుండ కల్లు. ఒకరోజు పరశురాముడు వేటకు పోయినప్పుడు కావలివాడికి తానూ పూజ చెయ్యాలనిపించింది. ఆ పువ్వు తీసి శివుడికి పెట్టాడు. తిరిగొచ్చిన పరశురాముడు మండిపడి కొట్లాటకు దిగాడు. 14 ఏళ్ళు జరిగిన ఆ కొట్లాటకు అక్కడ నేల పల్లమైపోయిందట. అందుకే గుడిపల్లం, అదే గుడిమల్లం అయిందంటారు. చివరికి శివుడు ప్రత్యక్షమై ఇద్దరినీ తనలో కలుపుకున్నాడు. కావలివాడు బ్రహ్మ, పరశురాముడు విష్ణువు, లింగం శివుడు. కథ కంచికి.

రాయినీ కథనూ పక్కపక్కన పెట్టి చూడండి. భుజం మీద గొడ్డలి ఉంది కాబట్టి పరశురాముడొచ్చాడు. చేతిలో జంతువుంది కాబట్టి వేటొచ్చింది. ముంత ఉంది కాబట్టి కల్లొచ్చింది. కాళ్ళకింద మరుగుజ్జున్నాడు కాబట్టి కావలివాడొచ్చాడు. అంటే ఎప్పుడో చెక్కిన రాయికి అర్థం మర్చిపోయిన తర్వాత, ఎవరో కూర్చుని ఒక్కొక్క వస్తువుకూ ఒక్కొక్క కారణం అల్లుకుంటూ వచ్చారని నేను అనుకుంటాను. భర్హుత్ స్తూపం మీద యక్షుడి కాళ్ళకిందా ఇట్లాంటి మరుగుజ్జే ఉన్నాడు. అక్కడ వాడు శత్రువూ కాదు, నేరస్తుడూ కాదు, మోసేవాడు. గుడిమల్లం కథలో మోసేవాడు తప్పు చేసిన కావలివాడయ్యాడు.

నేను ఎంఏ క్లాసులో స్థలపురాణాల పాఠం చెప్పేటప్పుడు ఈ కథ చెప్తాను. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, రోజూ కాపలా కాసేది వాడే కదా. ఒక్కరోజు వాడు పెడితే పువ్వు మైలపడిందా?" క్లాసులో కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ళ తాత ఊరి వెట్టి. చెరువు కావలి, కళ్ళం కావలి, దిక్కులేని శవానికి కావలి. కూలి కళ్ళం దగ్గర కాసిన్ని గింజలు, జాతరలో ఇంత మాంసం, ఇంత కల్లు. జాతరలో దేవుడి ముందు దివిటీ పట్టేదీ ఆయనే. గుడి మెట్లెక్కింది మాత్రం ఆయన కాదు. ఆమెకు చిత్రసేనుడు ఎవరో నేను విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ కథ ముగింపు చూడండి. కావలివాడు పూజకు అర్హుడేనని శివుడు చెప్పలేదు. వాడు నిజానికి బ్రహ్మ అని తేలింది, అంతే. అంటే కావలివాడు కావలివాడిగా ఉన్నంతవరకూ ఆ పువ్వు పెట్టడం తప్పే. పెద్ద పుట్టుక బయటపడితేనే తప్పు మాఫీ.

ఇది ఒక్క గుడిమల్లం సంగతి కాదు. అదే స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో తిన్నడున్నాడు, మాంసం నైవేద్యం పెట్టిన బోయ. ఆయన భక్తి నిజమని నమ్మడానికి కన్ను పీకి ఇవ్వాల్సొచ్చింది. తమిళనాట నందనార్, పఱయ భక్తుడు. చిదంబరం గుడిలోకి పోవాలంటే ఆయన నిప్పుల్లో దిగాలి. బయటికొచ్చేటప్పటికి ఒంటి మీద జంధ్యం ఉంది, అప్పుడు లోపలికి రానిచ్చారు. ఈ కథను 12వ శతాబ్దంలో శేక్కిళార్ పెరియపురాణంలో విస్తరించి రాశాడు. ఒకరు కన్నివ్వాలి, ఒకరు కాలిపోవాలి, ఒకరు బ్రహ్మ అని తేలాలి. ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా లోపలికి పోయిన కథ ఒక్కటి చూపించండి. బాబాసాహెబ్ 1948లో అచ్చయిన తన 'ది అన్‌టచబుల్స్' పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికి అంకితమిచ్చారు. ఆ ముగ్గురినీ పటాలు కట్టి పూజించే దేశంలో, వాళ్ళను బయట నిలబెట్టిన సంగతి గుర్తుచేయడానికే అంకితమిచ్చారని నేను చదువుకుంటాను.

ఇంకో మనిషి ఉంది. ఆమె ఈ స్థలపురాణంలో కనీసం కాళ్ళకింద కూడా లేదు.

మా జేజి చెప్పే ఎల్లమ్మ కథలో గొడ్డలికి తెగింది ఒక తల కాదు, రెండు. కొడుకు తరుముతుంటే రేణుక ఊరంతా పరిగెత్తింది. ఏ ఇంటి తలుపూ తెరుచుకోలేదు. మాదిగవాడలో ఒకామె తలుపు తీసి, ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఒక్క వేటుకు ఇద్దరి తలలూ పడ్డాయి. బతికించేటప్పుడు తలలు మారిపోయాయి. ఒకరు ఎల్లమ్మ, ఒకరు మాతంగి. తెలంగాణలో బైండ్లవాళ్ళు జమిడిక మీద పాడేదీ, చిందువాళ్ళు ఆడేదీ ఈ ఎల్లమ్మ కథనే. ఊరూరికీ కొంచెం కొంచెం మారుతుంది గానీ, తలుపు తీసిన ఆడమనిషి ఎక్కడికీ పోదు.

పోతన భాగవతం నవమస్కంధంలో పరశురాముడి కథ ఉంది. అందులో ఆమె లేదు. కానీ అక్కడ ఒక మాట ఉంది, సంస్కృత భారతంలోనూ ఉంది. తండ్రి వరం కోరుకోమంటే పరశురాముడు, చనిపోయినవాళ్ళు బతకాలి, తాము చంపబడ్డ సంగతి వాళ్ళకు గుర్తుండకూడదు అని అడుగుతాడు. పీహెచ్‌డీ రోజుల్లో ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. చంపినవాడు కోరుకునే వరం అదే. రేణుక మర్చిపోయిందేమో. మాదిగవాడ మర్చిపోలేదు. గుడిలో పరశురాముడి పశ్చాత్తాపం ఉంది, అదీ తల్లి కోసమే. రెండో తల కోసం ఆయన ఏ కొలనూ తవ్వలేదు, ఏ పువ్వూ పెట్టలేదు.

శాసనాలూ చూద్దాం. గుడిమల్లంలో పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలున్నాయి. భూములు, డబ్బు, ఆవులు గుడికిచ్చిన లెక్కలు. విక్రమచోళుడి 9వ పాలనా సంవత్సరంలో, అంటే 1126లో, గుడిని తిరగకట్టారు. ఆ శాసనాల్లో ఊరి పేరు గుడిమల్లం కాదు, తిరువిప్పిరంబేడు. విప్రపీఠం, బ్రాహ్మల ఊరు. మరి దానమిచ్చిన ఆ పొలాలు దున్నినవాళ్ళు ఎక్కడుండేవాళ్ళు? చోళులు ఊళ్ళను ఎట్లా కొలిచారో తంజావూరులో రాజరాజు వేయించిన శాసనం చెప్తుంది. పన్ను లేని స్థలాల జాబితాలో చెరువులూ కాలువలూ శ్మశానాలతోపాటు పరైచేరి కూడా ఉంటుంది. మన వాడ వెయ్యేళ్ళ కిందటే ఊరికి విడిగా, కొలత వేసి మరీ ఉంది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా, అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్న చిత్తూరు సీమలో, గుడిలోకి పోవడానికి మనకు చట్టం ఇచ్చిన హక్కు లేదు.

కొందరు మిత్రులు అంటారు, ఈ పుక్కిటి పురాణాలు మనకెందుకు, అవతల పడేద్దామని. నేనొప్పుకోను. పురాణం కూడా ఒక దస్తావేజే. ఎవరికి పని ఉంది, ఎవరికి పువ్వు లేదు, ఎవరి చావు లెక్కలోకి రాలేదు, అన్నీ అందులో రాసిపెట్టే ఉన్నాయి. రాసినవాళ్ళు దాచలేదు, దాచాల్సిన సంగతి అని వాళ్ళకు అనిపించలేదు. ఇంకొకటి, ఆ రాయి మీద జంధ్యం లేని మనిషి జంతువునూ ముంతనూ పట్టుకుని, ఈ కథలన్నిటికీ ముందు నుంచీ నిలబడే ఉన్నాడు. నైవేద్యంలో ఏముండాలో, గర్భగుడిలో ఎవరుండాలో ఇవాళ మనకు నేర్పేవాళ్ళు ముందు ఆయన చేతుల్లోకి చూడాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నా. ఈ సెలవుల్లో మీ ఊరి గుడి కథ పూజారి దగ్గర ఒకసారి, మీ వాడలో ముసలమ్మ దగ్గర ఒకసారి రాసుకోండి. రెండూ పక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని మనుషుల జాబితా తియ్యండి. నాకు పంపండి, వచ్చే భాగం వాటితోనే మొదలుపెడతాను.

జై భీమ్.