బీప్‌మంటే బతికున్నట్టే!

పాత కంప్యూటర్ స్విచ్చేస్తే తెర వెలక్కుండా, లోపల్నుంచి ఆగి ఆగి పొడుగాటి బీప్‌లు వస్తున్నాయా? పాతసామాన్లవాణ్ని పిలవకండి. మదర్‌బోర్డు బతికే ఉందనీ, చాలావరకు ర్యామ్ అందడం లేదనీ దానర్థం.

2001లో కొన్న మా పెంటియం-3 అలాగే మొరాయించింది. రిటైరయ్యాక నాన్న మా ఊరి కబుర్లన్నీ అందులోనే టైపు చేసుకున్నారు. ఇప్పుడాయన లేరు. ప్రింటు ఒక్కటీ లేదు.

ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును మా పాప పెన్సిల్ రబ్బరుతో రుద్ది, 'టక్'మనేలా మళ్లీ నొక్కాను. తెర వెలిగింది! తేదీ మాత్రం ఎప్పటిదో. రూపాయి బిళ్లలాంటి సిఆర్ 2032 బ్యాటరీ మారిస్తే అదీ కుదిరింది.

అసలు తిప్పలు ఆ తర్వాతే. డ్రైవర్ లేనిదే విండోస్ 98 పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టదు. హార్డ్‌డిస్క్ ఊడదీసి, ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఫైళ్లు వచ్చాయిగానీ తెలుగు రాలేదు... అన్నీ పిచ్చి గీతలే! అప్పట్లో ఇళ్లలో తెలుగు యూనికోడ్ ఎక్కడిది? ఏ ఫాంటుతో కొడితే ఆ ఫాంటే ఉండాలి. అదృష్టం, ఆ డిస్కులోనే ఫాంట్స్ ఫోల్డర్లో దొరికింది.

ప్రింటు తీసిస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. మూడో పేజీ దగ్గర ఆగి, 'మా పెళ్లయిన ఏడాది తప్పేశారు మీ నాన్న' అంటూ పెన్ను తెమ్మంది.